మందకుక్కలు - శిలలు చెప్పు చరిత్రము

గొఱ్ఱెను గూర్చియు, గొంగడిని గూర్చియు, బీరప్ప మల్లన్నల కథలను గూర్చియు మన పెద్దలు చెప్పని సంగతి లేదు. ఇట్టి మహాసభల సంచికలలో కులోత్పత్తిని గూర్చియు గోత్రములను గూర్చియు విద్వాంసులైన సోదరులు వ్రాయుచునే యున్నారు. కాని మందకు ముందొక యడుగు, వెనుక రెండడుగులు వేయుచు, రేయెల్ల మేలుకొని, పగలు బండనీడను కునుకు తీయు ప్రాణి యొకటి మన వృత్తిలో నున్నది. దానిని గూర్చి వ్రాసినవా రరుదు. కుక్క యను మాటయే తిట్టుగా చెల్లుచున్న లోకమున, కులగౌరవమును చాటుటకై వెలువడు సంచికలో కుక్క ప్రస్తావన యేల యని కొందఱు సోదరు లనుకొనవచ్చును. ఆ శంక యున్నది గనుకనే మే మీ వ్యాసమునకు పూనుకొంటిమి.

వేఱొక కారణమును గలదు. పొరుగున మహారాష్ట్రమున ఒక కుక్కవిగ్రహమును గూర్చి చెలరేగిన వివాదములో, మనకు సోదరకులమైన ధనగరుల పేరు పలుమాఱు వినవచ్చినది. అందు ఏది చరిత్రమో, ఏది కథయో మనవారు తెలిసికొనుట మంచిది. దాని ప్రసక్తి తరువాత వచ్చును. ముందుగా కుక్క మనలను చేరిన విధమును గూర్చి రెండు మాటలు.

గొఱ్ఱెలను కాచుటకై మనము కుక్కను చేరదీసితిమని యనుకొందుము. పురావస్తుశాస్త్రజ్ఞులు చెప్పు వరుస దీనికి తలక్రిందుగా నున్నది. మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో మొదటిది కుక్కయే. అది తోడేలి జాతినుండి వేఱుపడినది. జర్మనీ దేశమున బాన్ నగరమునకు చేరువనున్న ఒబెర్కాసెల్ అనుచోట 1914లో ఒక గోరి బయల్పడినది. అందొక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటొక కుక్క యున్నవి. దాని వయస్సు సుమారు 14,000 సంవత్సరములు. ఆ కుక్క పిల్లప్రాయముననే పెద్దజబ్బు పడినదనియు, మనుష్యులు కనిపెట్టి సాకుటవలననే కొన్ని వారములు బ్రతికినదనియు దాని పండ్లను పరీక్షించినవారు నిర్ణయించిరి. వేటకు పనికిరాని రోగిష్ఠి కుక్కను గూడ ఆనాటివారు పాఱవేయలేదన్నమాట! గొఱ్ఱె పశ్చిమాసియాలో మచ్చికయైనది సుమారు 10,000 లేక 11,000 సంవత్సరముల క్రిందట. కావున కుక్క మనయొద్ద చేరిన కొన్నివేల యేండ్లకు గాని గొఱ్ఱె రాలేదు. కుక్కతోడి వేటకాండ్రే తరువాత మందలకాపరులైరి. తోడేలినుండి పుట్టిన ప్రాణి తోడేలినే తఱుముచు మందను కాచుట ఈ కథలోని వింత. మన దేశమునందును కాశ్మీరమున బుర్జహోమ్ అను నవీనశిలాయుగపు గ్రామమున మానవుల గోరులలో కుక్కల యెముకలు దొరకినవి.

వేదమున మనకు కనబడు మొదటి కుక్క పశువులను వెదకు కుక్కయే. ఋగ్వేదము పదియవ మండలమున 108వ సూక్తము సరమకును పణులకును జరిగిన సంవాదము. పణులు గోవులను దొంగిలించి దాచిరి. ఇంద్రుని దూతికయైన సరమ నది దాటి పోయి వాని జాడ తీసెను. తప్పిపోయిన మేకకై కొండచఱియలు దిగి వెదకి వచ్చు మన యూరి కుక్క చేయు పనియు నిదియే. మహాభారతమున నీ సరమయే మరల కనబడును. రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వమున, జనమేజయుని యజ్ఞవాటికకు ఆడుకొనవచ్చిన సరమ కొడుకును, ఏ తప్పు చేయకున్నను, రాజు తమ్ములు కొట్టుదురు. ఆ తల్లి రాజసభకు వచ్చి నిలిచి, నిరపరాధులను హింసించినవారికి అనుకొనని భయములు వాటిల్లునని చెప్పి పోవును. రాజు దానిని తేలికగా త్రోసివేయక, శాంతి చేయింపదగిన పురోహితుని వెదకికొనెను. అదే భారతము చివర మహాప్రస్థానమున ధర్మరాజు తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కనొల్లక నిలిచెను. గ్రంథము మొదట కుక్కకు న్యాయము తప్పినది, తుదను న్యాయము దక్కినది. ఇట్లుండగా ధర్మశాస్త్రములవారు చండాలురకు ధనము కుక్కలును గాడిదలును అని మనుస్మృతి పదియవ యధ్యాయమున వ్రాసి, కుక్కను బెంచువాని నూరి వెలుపల నిలిపిరి. కుక్కతో దిరుగువారిని తక్కువ చేయు నలవాటు ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది. మన గొల్ల కురుమ సోదరులలో చదువుకొన్న కొందఱు మందకుక్క మాట యెత్తిన సిగ్గుపడుట మే మెఱుగుదుము. ఆ సిగ్గు మన సొత్తు గాదు, ఎరవు తెచ్చుకొన్నది.

విదేశీయులు మన కుక్కలను మెచ్చిన సంగతులు కలవు. బాబిలోను నేలిన పారసీక క్షత్రపుడు భారతదేశపు కుక్కల నెన్నింటినో పెంచెననియు, వాని మేపుటకై నాలుగు పెద్దగ్రామములను ఇతరపు పన్నులనుండి విడిచెననియు హెరొడోటసు వ్రాసెను. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు పంజాబునకు వచ్చినప్పుడు సోపీతుడను రాజు సింహముతో పోరు కుక్కలను చూపెననియు, కాలు కోసినను కుక్క పట్టు విడువలేదనియు యవన చరిత్రకారులు చెప్పిరి. కాలు కోసి పరీక్షించిన ఆ వినోదమును మేము మెచ్చలేము. ఇవన్నియు రాజుల వేడుకలు. మన కుక్క వేఱు.

మన కుక్కకు దగ్గఱియైనదానిని చూడవలెనన్న తమిళదేశమునకు పోవలెను. తిరువణ్ణామలై జిల్లాలో ఎడుత్తనూరు అను గ్రామమున ఒక వీరశిల యున్నది. పల్లవరాజగు మహేంద్రవర్మ 34వ రాజ్యసంవత్సరమున, అనగా 7వ శతాబ్దపు పూర్వార్ధమున, వట్టెళుత్తు లిపిలో చెక్కినది. ఆ కాలమున పశువులే ధనము. ఒక యూరివారు మఱియొక యూరి మందను తోలుకొనిపోవుట, వీరు వెంబడించి మరల్చుకొనుట నిత్యము జరుగుచుండెడివి. కన్నడమున దీనిని తుఱుగోళ్ అనిరి. తెలుగునాట గోగ్రహణమని భారతకథ మూలమున నెఱుగుదుము. మందను విడిపించుచు చచ్చినవానికి ఊరివారు శిల నాటెడివారు. ఎడుత్తనూరున అట్లు చచ్చినవాని పేరు కరుందేవక్కత్తి. వాని శిలమీద విల్లు పట్టిన వీరుని బొమ్మ, వాని వెనుక నొక కుక్క బొమ్మ యున్నవి. ఆ కుక్క పేరు కోవివన్ అనియు, అది ఇద్దఱు దొంగలను కఱచి, పడిన యజమానుని యొద్ద కావలి నిలిచెననియు శాసనము చెప్పుచున్నది.

ఇందు గమనింపదగిన దేమనగా, శాసనము వ్రాసినవాడు కుక్క పేరును విడువలేదు. నాటి శిలలలో పేరు లేని వీరులే పెక్కుమంది. ఒక పల్లెకాపు కుక్కకు పేరు పెట్టి, అది కఱచిన దొంగల సంఖ్యను గూడ లెక్కించి శిలమీద నెక్కించిరి. సాక్షి చూచినట్లు చెప్పిన మాట యిది. అంతకు మించి పొగడ్త లేదు, దైవత్వము అంటగట్టుట లేదు. పదుమూడు పదునాలుగు వందల యేండ్లకు పిమ్మట ఆ పేరును మన మెఱుగుట ఆ లెక్క తప్పని చేతి చలువయే.

రెండవ శిల రాజుల కథలోనిది. అయినను అందును మనకు పనికివచ్చు విషయములు కలవు. కర్ణాటకమున మాండ్య జిల్లా మద్దూరు తాలూకాలో ఆతకూరు అను పల్లె యున్నది. శాలివాహన శకము 872, అనగా క్రీ.శ. 949-50 నాటి కన్నడ శాసన మచ్చట దొరకినది. ఇప్పుడా శిల బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునకును చోళులకును తక్కోలమున గొప్పయుద్ధము జరిగినది. చోళ రాజకుమారుడు రాజాదిత్యు డందు ఏనుగుపై నుండగనే హతుడయ్యెను. అతనిని చంపినవాడు చక్రవర్తికి బావమఱదియగు గంగరాజు రెండవ బూతుగుడు. బూతుగుని పక్షమున సగరవంశజుడైన మణలేరుడను వీరుడు మిక్కిలి పరాక్రమము చూపెను. రాజు మెచ్చి, కావలసినది కోరుకొమ్మనెను.

మణలేరుడు ఊరిని కోరలేదు, బంగారమును కోరలేదు. రాజుగారి యొద్దనున్న కాళి యను కుక్కను కోరెను. రాజు ఇచ్చెను. బూతుగుడు మఱికొంత భూమిని గూడ వీరమాన్యముగా నిచ్చిన సంగతి అదే శాసనమున నున్నదిగాని, అడిగి పుచ్చుకొన్నది కుక్కను మాత్రమే. తరువాత బెళతూరు కొండపై నొక పెద్ద అడవిపందిమీదికి కాళిని ఉసికొల్పిరి. పందియు కుక్కయు పోరాడి రెండును చచ్చినవి. ఆతకూరున చల్లేశ్వరుని గుడి ముందర కాళికి శిల నాటి, కొంత మాగాణి మాన్యమిచ్చిరి. శిలపైన కుక్కయు పందియు కలియబడిన బొమ్మ చెక్కిరి. గుడి పూజారియగు గొరవుడు ఆ శిలకు పూజ చేయక భోజనము చేయరాదని కట్టడి గూడ చేసిరి. ఈ శాసనమునకు చరిత్రమున మఱియొక విలువ కలదు. చోళ రాష్ట్రకూట యుద్ధమును గూర్చి విద్వాంసులకు ముఖ్యమైన యాధారములలో నిదియొకటి. ఒక కుక్కకు నాటిన శిల లేకున్న ఒక రాజకుమారుని మరణవృత్తాంతము ఇంత స్పష్టముగా మనకు తెలిసెడిది కాదు. రాజులు ప్రశస్తులు వ్రాయించి కుక్కలను మఱచుట లోకసహజము. ఇచ్చట కుక్క ప్రశస్తిలో రాజులు చోటు సంపాదించుకొనిరి!

ఆ శాసనములోని గొరవుడను మాట వినగానే మనవారికి కర్నూలు, అనంతపురము సీమలలో నల్లగొంగడి కప్పి, ఎలుగుబంటి వెండ్రుకల టోపీ పెట్టి, డమరుకము మ్రోగించుచు నాడు గొరవయ్యలు గుర్తునకు రాకపోరు. వారు మైలారలింగని భక్తులు, కురుబ కులస్థులు. ఆతకూరు గొరవుడు శైవ పూజారి యనుటకు మించి మనకు తెలియదు గనుక, పేరొక్కటైనంతమాత్రమున కులమొక్కటే యని వాదించుట తగదు. కాని మైలారునికిని కుక్కకును గల సంబంధము మాత్రము నిశ్చయమైనది. మహారాష్ట్రమున ఖండోబా యనియు, కన్నడసీమను మైలారుడనియు, మన తెలంగాణమున మల్లన్న యనియు కొలువబడు ఈ దేవుని ప్రతిమలలో గుఱ్ఱముతోపాటు కుక్కయు నుండును. అతనికి మ్రొక్కుకొన్న భక్తులు వాఘ్యలనియు వగ్గయ్యలనియు పేరు పొంది, జాతరలలో కుక్కలవలె మొఱుగుచు, పళ్లెములలోని నైవేద్యమును నోటితో నందుకొందురు. స్వామికి కుక్కనగుట వారికి అవమానము గాదు, పదవి. ఒగ్గువారు మల్లన్న కథ చెప్పునప్పుడు పసుపు బండారి చల్లు మన తల్లులలో ఎందఱకీ సంగతి తెలియునో!

విజయనగర స్థాపనను గూర్చిన కుందేలు కథ అందఱు నెఱిగినదే. వేటకుక్కలను కుందేలు ఎదిరించిన చోట పట్టణము కట్టిరని 16వ శతాబ్దమున పోర్చుగీసువాడగు నూనిజ్ వ్రాసెను. ఇట్టి కథయే అహమ్మదాబాదునకును చెప్పుదురు. నేలకు పౌరుషము చెప్పుటకు కుక్కను పిఱికిదానిని చేసిన కథలివి. వీనిని చరిత్రముగా గైకొన నక్కఱలేదు.

ఇక రాయగడము మాట. శివాజీ మహారాజు 1680లో రాయగడమున స్వర్గస్థుడయ్యెను. అతని సమాధి చేరువ ఎత్తైన దిమ్మెపై వాఘ్య యను కుక్క విగ్రహ మున్నది. ప్రభువు చితిలో దుమికి ప్రాణము విడిచిన విశ్వాసపాత్రమగు కుక్కయని ప్రజలు చెప్పుకొందురు. 1919లో మరణించిన మరాఠీ నాటకకర్త రామ గణేశ గడ్కరీ తన రాజసన్యాస నాటక సందర్భమున దానిని కొనియాడుటతో ఆ కథకు వ్యాప్తి కలిగెను. విగ్రహము నిలిపినది 1936లో. దానికి ఇందూరు ప్రభువగు తుకోజీరావు హోల్కరు ధనసాహాయ్యము చేసెనందురు. హోల్కరులు ధనగరులు. అందుచేత ఆ విగ్రహము మందలకాపరుల కులమున కభిమానపాత్రమైనది. 2011లో కొందఱు దానిని పెకలించి త్రోసివేయగా, ధనగరులు మొదలగువారి యాందోళనముతో అది మరల నిలుపబడెను. 2025లో శివాజీ వంశీయులలో నొకరు దానిని తీసివేయవలెనని ప్రభుత్వమునకు వ్రాయుటతో వివాదము తిరిగి రగిలినది.

మా యభిప్రాయమును దాపఱికము లేక చెప్పుదుము. శివాజీ కాలపు లేఖలలో గాని, బఖరులలో గాని చితిలో దుమికిన కుక్కకు ఆధారము చూపినవారు లేరు. మరాఠా ప్రభువులలో కుక్కను గౌరవించినవాడు నిస్సందేహముగా కలడు. అతడు శివాజీ మనుమడగు సాతారా ఛత్రపతి శాహు. 1749లో గతించెను. పులివేటలో తన ప్రాణము కాచిన కుక్కకు అతడు జాగీరును, పల్లకీ మర్యాదయు నిచ్చెనని గ్రాంటు డఫ్ 1826లో వెలువరించిన మరాఠాల చరిత్రమున వ్రాసెను. సాతారా చేరువ మాహులీ సంగమమున దాని గుర్తు నేటికిని చూపుదురు. రాత్రివేళ రాతిబొమ్మను పెకలించువారి చేత కథ చరిత్రము కాకపోదు, అయిపోదు. అట్లే కులాభిమానముతో కాపాడుకొన్నంత మాత్రమున కథకు ఆధారము పుట్టదు. 1936లో కట్టినది 1936 నాటి ప్రజలు కుక్క విశ్వాసమున కిచ్చిన గౌరవముగా నిలువవచ్చును, 1680 నాటి సాక్ష్యముగా మాత్రము నిలువదు. మన సంఘములవారు వేదికలపై వాఘ్య కథను చెప్పునప్పుడు ఈ భేదమును పాటింపవలెను. ప్రతిపక్షమువా డొక్క ప్రశ్న వేసిన కూలిపోవు కథను మోయుటకంటె, ఎవ్వరును కదలింపలేని కోవివన్ను, కాళిని చెప్పుకొనుట మనకు బలము. ఎడుత్తనూరు కుక్క పశువులమంద కాచినవాని కుక్క. దానిపై మన వృత్తివారికున్న హక్కు రాజవంశములవారికి లేదు.

కుక్కను గొనియాడు వ్యాసమున దాని పంటివిషమును దాచుట న్యాయము గాదు. పిచ్చికుక్క కాటునకు 1885లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ మందు కనిపెట్టువఱకు మానవునకు గతి లేదు. మన దేశమున 1900లో కసౌలియందును, 1907లో కూనూరునందును పాశ్చర్ సంస్థలు వెలసినవి. 1911లో కసౌలియందు డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు కొత్తరకపు టీకాను సిద్ధము చేసెను. దానిని తయారుచేసినది దేనినుండి? గొఱ్ఱె మెదడునుండి! గొఱ్ఱెకు రోగము నెక్కించి, దాని మెదడును తీసి, విషమును చంపి, మనుష్యుని పొట్టమీద దినమున కొకటి చొప్పున పదునాలుగు సూదులు పొడిచెడివారు. పెద్దవా రెందఱో దానిని అనుభవించినవారే. కొందఱకు పక్షవాతము వంటి బాధలు కలిగినను, తొంబదియేండ్లకు పైగా లక్షలమందిని కాపాడినది ఆ గొఱ్ఱెమెదడే. 2004లో మన దేశమున దాని తయారీ నిలిపివేసిరి. ఇప్పుడు చేతికి వేయు కొద్దిసూదులతో, ఆ బాధలు లేని టీకా ప్రభుత్వాసుపత్రులలో దొరకును. కుక్క చేసిన గాయమునకు గొఱ్ఱె ప్రాణమిచ్చిన ఈ చరిత్రమును మన సంచికయే వ్రాయవలెను, ఇతరులు వ్రాయరు. కాటుపడినవారు పసరు పూసి, కారము అద్ది కాలము గడపరాదు. గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. మందకుక్కలకు ఏటేట టీకా వేయించుట మందయజమానుని విధి. ఈ విషయమున మన గ్రామశాఖలు పశువైద్యులను పిలిపించి యొకదినము గడపిన చాలును.

మేలుజాతి కుక్కలన్న పట్టణవాసులకు విదేశపు పేర్లే తోచును. ముధోళ సంస్థానాధిపతి మాలోజీరావు ఘోర్పడే తన సీమలోని సామాన్యులు పెంచుకొను వేటకుక్కలను చూచి, ఆ జాతిని వృద్ధిచేసెను. 2016లో మన సైన్యము ఆ ముధోళ కుక్కలను మీరటునకు కొనిపోయి శిక్షణ మొదలుపెట్టెను. తెలుగు మాటలాడు రాజులు స్థిరపడిన దక్షిణాది రాజపాళయమునకు ఆ యూరి పేరిటి తెల్లకుక్క కీర్తి తెచ్చినది. 2005 జనవరిలో తపాలాశాఖ నాలుగు దేశీయ కుక్కలపై బిళ్లలు వెలువరించెను. అందు ఈ రెండును, రాంపూరు వేటకుక్కయు, నాలుగవదిగా హిమాలయపు గొఱ్ఱెలకుక్కయు చోటు పొందినవి. చలికొండలలో మందలను తిప్పు గద్దీలు తోడేళ్లు గొంతు పట్టకుండ తమ కుక్కలకు ముండ్ల యినుపపట్టీలు వేయుదురు. మన దక్కను కుక్కకు బిళ్ల లేదు, పట్టీ లేదు, జాతి పేరును లేదు. మందలు తగ్గుచు, బీళ్లు పోవుచు నున్నకొలది అది ఊరకుక్కలలో కలిసిపోవుచున్నది.

కావున సోదరుల కొక విన్నపము. మీ గ్రామపు చెఱువుగట్టునను, గుడి వెనుకను, చాకిరేవునను పడియున్న వీరగల్లులను ఒకమాఱు కడిగి చూడుడు. వీరుని కాలియొద్ద చిన్న కుక్కబొమ్మ యున్నచో సున్నము పూయకుడు, కొత్తగుడిలోనికి తరలింపకుడు. దాని ఛాయాపటమును, ఊరి పేరును, అక్షరము లున్నయెడల తడిగుడ్డ యద్ది తీసిన కాగితపు ప్రతిని పురావస్తుశాఖవారికి పంపుడు, ఒక ప్రతిని మన సంఘ కార్యాలయమునకు పంపుడు. అట్లే మీ తాతలు మందలపై బోయినప్పుడు వెంటనున్న కుక్కల పేర్లను, అవి కాచిన సంగతులను, చెప్పగల వృద్ధు లుండగనే వ్రాసి పెట్టుడు. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు వేఱువేఱుగ వ్రాయుడు. అట్లు చేరినవానిని రాబోవు సంచికలో ఊరివారీగా ప్రకటింప నుద్దేశించినాము.